తోటకూరలో వరి మందు

పరీక్షశాలలో పనిచేసినవాళ్లకు ఒక ధీమా ఉంటుంది. యంత్రం చెప్పిన అంకె చేతిలో ఉంటే ఎవరి ముందైనా నిలబడి మాట్లాడవచ్చని. కూరగాయల్లో, ధాన్యంలో, పాలలో పురుగుమందు ఎంత మిగిలిందో కొలిచి చెప్పడం మా పని. నా ఉద్యోగమంతా ఆ ధీమాతోనే గడిచింది. తూకంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్లీ తూయించేదాన్ని. సీసా మీద తేదీ వేయని మనిషితో ఆ పూటంతా మాట్లాడేదాన్ని కాదు. కింద పనిచేసినవాళ్లు నా వెనక ఏమనుకునేవారో నాకు తెలుసు. అందులో అబద్ధమేమీ లేదు.

ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ సర్వీసులో గుర్తుండిపోయిన కేసు ఒకటి చెప్పండి మేడమ్ అంటారు. వాళ్లకు కావలసింది నేను నెగ్గిన కేసు. నాకు గుర్తున్నది మాత్రం ఇది. ఇందులో అంకెలన్నీ సరిగ్గానే వచ్చాయి. మిగిలినదే ఇప్పటికీ లెక్క కుదరలేదు.

పదవీ విరమణకు కొద్ది ముందు సంగతి. ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే నేలంతా ఇసుక. అక్కడ ఆకుకూరలు పండించే ఆడవాళ్లు కొందరు కలిసి ప్రకృతి సేద్యం సంఘం పెట్టుకున్నారు. నెల్లూరులో ఒక అంగడివాళ్లు వాళ్ల కూరలకు విడిగా బోర్డు కట్టి, వేరే బల్ల మీద అమ్మేవారు. షరతు ఒక్కటే. మందు వాడకూడదు. ఎప్పుడైనా, ఎవరి కట్టయినా తీసి మాకు పంపే హక్కు అంగడివాళ్లకుంది. మందు కనబడితే ఆ మనిషి సంఘంలోంచి బయటికి పోవాలి. సంఘం ఆమెను తీసేయకపోతే, సంఘం మొత్తం దగ్గరా కూరలు కొనడం అంగడివాళ్లు మానేస్తారు.

అలా ఒకరోజు ఒకామె తోటకూర కట్ట మా దగ్గరికి వచ్చింది. నా దగ్గర పనిచేసే సహోద్యోగి, యంత్రం పని అతనిదే, కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతనికి హాస్యం ఎక్కువ. ఆరోజు మాత్రం ముఖంలో నవ్వు లేదు.

"ఏముంది?" అన్నాను.

"రెండుండాయి మేడమ్. ఒకటి దోమ మందు. అది సరే, కూరగాయల్లో మామూలుగా చూసేదే. రెండోది చూడండి."

చూశాను. అగ్గితెగులు మందు. వరికి తప్ప ఇంకే పైరుకూ ఎవరూ వాడని మందు. తోటకూరకు అగ్గితెగులు రాదు. ఏ పిచ్చివాడూ దాన్ని తోటకూర మీద కొట్టడు.

"నిన్న ఏం నమూనాలు నడిపావు?"

"బియ్యం."

"అయితే నీ సీసాలు సరిగ్గా కడగలేదు."

"కడిగినా మేడమ్. మీకు భయపడి రెండు తూర్లు కడిగినా."

ఆ మాట నేను నమ్మలేదు. సీసాలన్నీ నా ముందే మళ్లీ కడిగించాను. నమూనా ఏమీ కలపకుండా ఉత్త ద్రావకాన్ని యంత్రంలో నడిపించాను. ఏమీ లేదు. మిగిలిన తోటకూరను కొత్తగా తరిగి, కొత్తగా నడిపించాను. మళ్లీ ఆ రెండే, కాగితం మీద గీతలు అదే ఎత్తులో. అతను కాగితం చేతికిచ్చి, "మేడమ్, ఈ తోటకూర వరన్నం తినింది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అర్థం కాని సంగతి మీద జోకులు వేస్తే నాకు చిరాకు.

అంగడివాళ్లకు సంగతి తెలిసింది. ఆ మరునాడే ఆ కూర పండించినామె స్వయంగా పరీక్షశాలకు వచ్చింది. వెంట సంఘం పెద్దగా ఉండే ఆవిడ. ఆమెను అందరూ పెద్దక్క అంటారు. పండించినామెకు ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో. చంకలో ఒక గంప, అందులో ఆ తెల్లవారి కోసిన తోటకూర. లోపలికి వచ్చి నమస్కారం కూడా పెట్టలేదు.

"మందు కొట్టినానని చెప్పింది ఎవరు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. మందు ఉందని మాత్రమే చెప్పాం."

"రెండిటికీ తేడా ఏంది?"

ఆ ప్రశ్న అప్పుడు నాకు పెంకెగా తోచింది. జవాబు చెప్పేలోపే ఆమె గంపలోంచి ఒక మొక్క పీకి, ఆకులు తుంచి, పచ్చివే నోట్లో వేసుకుని నములుతూ నా ముఖంలోకి చూసింది.

"చూస్తుండారుగా. చచ్చినానా?"

"అట్ట ఒక్కరోజులో చావరులే" అన్నాడు నా సహోద్యోగి.

"నువ్వు గమ్మునుండయ్యా. నిన్నెవురు అడిగినారు."

పెద్దక్క ఆమె చేయి పట్టుకుని ఆపింది. మంచి మనిషే ఆవిడ, కానీ తన మీద ఇరవైమంది ఆడవాళ్ల బరువుంది. "మేడమ్, కొట్టుంటే కొట్టినానని చెప్పు, ఎట్టో సర్దుకుంటాం అని దీన్ని నేను ముందే అడిగినా. ఇది ఒప్పుకోదు. దీని మొగుడు ముత్తుకూరు కాడ ఓడరేవులో కూలి. వారానికోనాడు వస్తాడు. ఈ మళ్లు, ఈ కూర, ఆ అంగట్లో దీని పేరు, ఇవే దీని సంపాదన. తీసేయాలంటే నాకు మాత్రం చేతులాడుతాయా? అయినా తీసేయకపోతే అందరం మునుగుతాం. మీరు ఇంకో తూరి చూసి చెప్పండి. అప్పటిదాకా ఆ మడికి నేను కాపలా పెడతా. ఎవురూ చెయ్యి వెయ్యరు."

"చూస్తాను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఒకసారి తేలిన నమూనాను మళ్లీ తెరవడం మా దగ్గర ఉండదు. ఆ రెండో మందే నన్ను నిలవనీయలేదు.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పాలి. విసుక్కోకండి, ఇది లేకపోతే మిగతా కథ లేదు.

కొన్ని మందులు పడిన చోటే ఉండిపోతాయి. ఎండకూ వానకూ పోతాయి. మరికొన్ని మొక్క లోపలికి పోతాయి. వేరు నీళ్లతో పాటే వాటినీ తాగుతుంది. నీరు కాండంలో పైకెక్కి ఆకుల్లోకి పోయి, అక్కడి నుంచి ఆవిరవుతుంది. నీరు పోతుంది గానీ మందు పోదు. ఆకులోనే, ముఖ్యంగా అంచుల్లో, కొనల్లో పోగవుతుంది. అందుకే ఎక్కువకాలం నీరు తాగిన ముదురాకులో ఎక్కువ ఉంటుంది. ఈ ప్రయాణం చాలావరకు పైకే. ఆకు మీద కొట్టిన మందు ఆ ఆకులో ఇంకి, దాని కొన వైపు జరుగుతుంది గానీ, తిరిగి కాండంలోకి దిగి రేపు పుట్టబోయే చిగురుకు పెద్దగా అందదు. ఆకు తయారుచేసిన ఆహారం గింజకూ వేరుకూ పోయే దారి వేరే ఉంది. ఈ మందుల్లో చాలావాటికి ఆ దారిలో చోటు దొరకదు.

కాబట్టి పైన కొట్టి ఉంటే, ఆ తరువాత విచ్చుకున్న చిగురులో మందు ఉండకూడదు. వేరు నుంచి వచ్చి ఉంటే చిగురులోనూ ఉండాలి, ముదురాకులో ఇంకా ఎక్కువ ఉండాలి. మొదటిసారి మేము మొక్క మొత్తాన్నీ కలిపి తరిగాం. నియమం అదే.

పెద్దక్క కాపలా పెట్టిన మడి నుంచే కొన్నాళ్లాగి మొక్కలు తెప్పించాను. ఈసారి నేనే కూర్చుని విడదీశాను. కొత్త చిగుళ్లు ఒక పక్క, ముదురాకులు ఒక పక్క, వేళ్లు ఒక పక్క. మూడింటిలోనూ రెండు మందులూ ఉన్నాయి. చిగురులో తక్కువ, ముదురాకులో ఎక్కువ.

"కొట్టలేదు" అన్నాడు సహోద్యోగి. "కింద నుంచి ఎక్కింది."

"కింద ఎక్కడి నుంచి?"

"అది మిషను చెప్పదు మేడమ్."

మర్నాడు ఆ ఊరికి బయలుదేరాను. పరీక్షశాల మనుషులు పొలాలకు పోవడం మా ఆఫీసులో ఎవరికీ ఇష్టం ఉండదు. "కొలిచే పని మనది, వెతికే పని మనది కాదు" అన్నారు మా పైఅధికారి. సెలవు పెట్టి పోయాను.

ఇసుకలో వ్యవసాయం చూడనివాళ్లకు ఒక మాట. అక్కడ బావి అక్కర్లేదు. ఇసుకలో పెద్ద గుంట తవ్వితే నీరు ఊరుతుంది. దాన్ని దొరువు అంటారు. మెట్లు దిగి, రెండు కుండలు ముంచుకుని వచ్చి, నడుస్తూనే మడి మీద ఒంపుతారు. నేను పోయేసరికి ఆమె అదే చేస్తోంది. నన్ను చూసి కుండలు దించలేదు. పని పూర్తయ్యాకే వచ్చింది.

"నువ్వు మందు కొట్టలేదని నాకు తెలుసు" అన్నాను.

ఆమె ముఖం ఒక్కసారిగా మెత్తబడింది. "మీకన్నా తెలిసింది" అని, వెంటనే, "మరి ఆ మాట పెద్దక్కకు చెప్పండి" అంది.

"చెప్పాలంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. ఈ మళ్లలో నువ్వు ఏమేం వేస్తావో చెప్పు. ఒక్కటి కూడా వదలొద్దు."

ఆమె వేళ్లు మడుస్తూ చెప్పింది. విత్తనం తన మొక్కల నుంచి తను కట్టుకున్నదే. పేడ, పంచితం సొంత ఆవువి. వాటిలో కలిపి పులియబెట్టే బెల్లం ఇంట్లో తినే బెల్లమే. నీళ్లు దొరువువి. నేను దొరువు నీళ్లు, మడి ఇసుక సీసాల్లో పట్టుకున్నాను. పక్క మళ్లవాళ్లెవరు, వాళ్లేం కొడతారని అడిగాను. పక్కన సరుగుడు తోట. దానికి ఎవరూ ఏమీ కొట్టరు. నాకు దారి మూసుకుపోయినట్టనిపించింది.

"ఇంకేమీ లేదా?"

"ఇంకేం ఉండాది మేడమ్, గడ్డి తప్ప. గడ్డి కప్పకపోతే ఈ ఇసక మధ్యాన్నానికి పెనం మాదిరి కాలిపోతాది, మొలక నిలవదు. అందరూ గడ్డి యాడో కొనుక్కొస్తారు. నేను అట్ట కొననే కొనను." సాళ్ల మధ్య పరిచిన వరిగడ్డిని చేత్తో ఎత్తి నా ముక్కు దగ్గర పెట్టింది. "వాసన చూడండి. మా పుట్టింటి గడ్డి. నాయుడుపేట కాడ మా అన్న సేద్యం. కోత కాంగానే ట్రాక్టరుకు ఏసి పంపుతాడు. పెళ్లయినకాడి నుంచి ఒక్క ఏడాది తప్పలేదు. మా ఊరి మట్టి వాసన వస్తాది నాకు."

ఆ వాసన నాకు తెలియలేదు. తెలిసింది ఇంకొకటి. అగ్గితెగులు మందు ఏ పైరుకు కొడతారో ఆ పైరు గడ్డే నా ముక్కు ముందుంది.

ఒక పిడికెడు గడ్డి సంచిలో పెట్టుకున్నాను. "అది దేనికి?" అంది.

"ఊరికే."

పరీక్షశాలలో ఊరికే అన్న మాట నేను ఎవరినీ అననిచ్చేదాన్ని కాదు.

దొరువు నీళ్లలో ఏమీ రాలేదు. ఇసుకలో రెండూ కొద్దిగా వచ్చాయి. గడ్డిలో రెండూ తోటకూరలో కన్నా చాలా ఎక్కువ వచ్చాయి. అంతా సరిపోయింది. వాళ్ల అన్న వరికి దోమ మందు, అగ్గితెగులు మందు కొట్టాడు. అవి వరి ఆకుల్లోకి ఎక్కాయి. గింజకు పోయే దారిలో వాటికి చోటు లేదు గనక ధాన్యంలో పెద్దగా లేకుండా ఆకుల్లోనే ఉండిపోయాయి. ధాన్యం వాళ్లు ఉంచుకున్నారు. గడ్డి ఈమెకు వచ్చింది. కుండలతో పోసిన నీళ్లు గడ్డిని కడిగి ఇసుకలోకి దింపాయి. ఆ ఇసుకలో పట్టి ఉంచే బంకమట్టి లేదు. తోటకూర వేళ్లు తాగాయి.

"ఒక పైరు తాగి ఎండిపోయింది, ఇంకో పైరు దాని ఎంగిలి తాగింది" అన్నాడు సహోద్యోగి. "పాపం, ఆమె కొట్టలేదు మేడమ్. ఇంక బయటపడినట్టే."

నేనూ అదే అనుకున్నాను. రాత్రి అన్నం తింటూ ఉంటే మాత్రం ఒక సందేహం పీడించింది. ఆమె కొట్టలేదని రుజువు చేయాలంటే, తను అన్నిటికన్నా గొప్పగా చెప్పుకున్న దాన్నే విషమని చెప్పాలి. దానికి నాకేం అధికారం? అయినా చెప్పకపోతే ఆమె పేరు పోతుంది. ఏది చెప్పినా ఏదో ఒకటి పోతుంది. రెండిటినీ ఏ తక్కెడలో వేయాలో నాకు తెలియలేదు.

సంఘం కూర్చునే రోజు పెద్దక్క పిలిస్తే పోయాను. ఆవిడ ఇంటి వరండాలో ఆడవాళ్లందరూ కూర్చున్నారు. తోటకూర పండించినామె ఒక స్తంభానికి ఆనుకుని, నేనేం చెబుతానా అని చూస్తోంది. నేను ముందుగా చెప్పవలసింది చెప్పాను. మందు పై నుంచి పడలేదు, వేరు నుంచి వచ్చింది, ఆమె కొట్టలేదు.

"నేను చెప్పలా! నేను చెప్పలా!" అని ఆమె చుట్టూ చూసింది. పక్కనున్న ఆడవాళ్లు ఆమె వీపు తట్టారు. ఒకామె, "నేను అప్పుడే అన్నా, ఇది కొట్టే రకం కాదని" అంది.

"నువ్వెప్పుడన్నావే? కొట్టింది అంటివి" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు.

పెద్దక్క నవ్వలేదు. "మరి వేరుకు యాడ నుంచి వచ్చింది మేడమ్?"

అంతలో బయట ట్రాక్టరు ఆగిన చప్పుడు. ఆమె గబుక్కున లేచింది. "మా అన్న! ఈ ఏటి గడ్డి తెచ్చినాడు." ట్రైలరు నిండుగా గడ్డి, పైన తాళ్లు. నలభై దాటిన మనిషి, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. "ఏం పాపా, ఇంటికాడ లేవు, ఇక్కడుండావని చెప్పినారు. ఏంది ఇంతమంది?"

అప్పుడు నేను ఆగి ఉండవలసింది. ఇంకో రోజు చెబుతానని లేచిపోయి ఉండవలసిందేమో. పెద్దక్క మళ్లీ అడిగింది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు అలవాటు.

"గడ్డి నుంచి" అన్నాను.

"ఏ గడ్డి?" అన్నాడు అన్న.

చెప్పాను. వీలైనంత మెల్లగా, ఎవరినీ తప్పుపట్టకుండా. అతను మొదట వినలేదు, తరువాత విన్నాడు, తరువాత అతని మెడ ఎర్రబడింది.

"నేనేం దొంగ మందు కొట్టినానా మేడమ్? దోమ పడితే ఏం కొట్టమన్నారో అదే కొట్టినా. మీ వ్యవసాయం ఆఫీసరు రాసిచ్చినాడు. ఆ వరి కయ్యలో పండిన బియ్యం నా బిడ్డలు తింటుండారు. బియ్యం మంచిదై, గడ్డి విషమా?"

"అవునయ్యా. బియ్యంలోకి పెద్దగా పోదు. ఆకులో నిలుస్తుంది."

"అంటే మంచిది మేం తిని, విషం దీనికి పంపుతుండామా?"

నేను వరండాలో కూర్చున్నవాళ్ల వైపు తిరిగాను. అప్పుడే గమనించాను, ఆ ఆడవాళ్లలో ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. అందరి మళ్లలోనూ గడ్డి ఉంది. అందరిదీ ఎవరో ఒకరి వరి కయ్య నుంచి వచ్చినదే. ఒకామె పక్కనామెతో గొణిగింది, "గడ్డి లేకుండా ఇసకలో ఏం పండిస్తామే?"

"మేడమ్, ఆపండి" అంది అతని చెల్లెలు.

స్తంభం వదిలి మధ్యలోకి వచ్చింది. "నేనే కొట్టినా."

"ఏమన్నావు?" అంది పెద్దక్క.

"మందు నేనే కొట్టినా. పురుగు పడింది, కొట్టినా. భయపడి ఇన్నాళ్లూ చెప్పలేదు. గడ్డి సంగతేం లేదు."

నేను నిర్ఘాంతపోయాను. నోట్లోంచి వచ్చింది మాత్రం పరీక్షశాల మాటే. "ఏ మందు కొట్టావు?"

"దోమ మందు."

"రెండో దాని పేరేమిటి?"

ఆమె కొంచెం తడబడింది. "నాకు పేర్లు చదవడం రాదు. సీసా చూసి పోసినా."

"చిగురులోకి ఎలా వచ్చింది?"

"ఎట్టనో వచ్చింది. మీ మిషను తప్పేమో."

"పాపా, ఏం మాట్లాడుతుండావు?" అన్నాడు అన్న.

"నువ్వు గమ్మునుండన్నా. పోయి గడ్డి దించు. ఎండలో డ్రైవరు నిలబడుండాడు."

అతను కదల్లేదు. ఆమే బయటికి పోయి ట్రైలరు తాళ్లు విప్పడం మొదలుపెట్టింది. ఆ విప్పడంలో ఉన్న కోపం నా మీదా, అన్న మీదా, ఎవరి మీదో నాకు తెలియలేదు.

పెద్దక్క వైపు చూశాను. "ఆమె కొట్టలేదు. అబద్ధం చెబుతోంది. నేను రుజువు చూపిస్తాను" అన్నాను.

పెద్దక్క కళ్లు దించుకుంది. "ఒప్పుకునింది గదా మేడమ్. ఇంక గడ్డి మాట ఎందుకులెండి."

ఇరవైమంది ఊపిరి వదలడం వినిపించింది. ఆమె చెప్పిన అబద్ధం అన్నను కాపాడింది, సంఘాన్ని కాపాడింది. నా దగ్గరున్న నిజంతో ఎవరికీ పనిలేకపోయింది. ఆ సాయంత్రమే ఆమెను సంఘంలోంచి తీసేశారు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. ఒకామె ఆమెకు టీ తెచ్చి ఇచ్చింది కూడా.

మా రిపోర్టులో మందు ఉందా లేదా, ఎంత అన్నవే ఉంటాయి. ఎలా వచ్చిందన్నది రాసే చోటు లేదు. నేను విడిగా ఒక వివరణ రాసి పైకి పంపాను. గడ్డిని కూడా పరీక్షించాలని, కప్పే గడ్డి ఎక్కడిదో చూడాలని. జవాబు రాలేదు. ఆ తరువాత ఆ సంఘం నుంచి వచ్చిన నమూనాలు కొన్ని మందు లేకుండా పరీక్షకు నిలిచాయి, ఒకటి నిలవలేదు. నిలిచినవాళ్ల గడ్డి కూడా అలాంటి కయ్యలదే. పెద్దవాన పడి కడిగేసిందా, గడ్డి పాతదా, కప్పింది తక్కువా? నా సిద్ధాంతం మీద నాకే అనుమానం వచ్చిన రోజులున్నాయి. సహోద్యోగి మాత్రం, "మేడమ్, మీరు రైటే. రైటయి ఏం లాభం?" అనేవాడు.

మరుసటి ఏడు కోతల తరువాత ఆమె అన్న మా పరీక్షశాలకు వచ్చాడు. నాయుడుపేట నుంచి బస్సులో, చంకలో పాత చీరలో చుట్టిన గడ్డి మోపు పెట్టుకుని. గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడట, లోపలికి రావడానికి మొహమాటపడి.

"ఇది చూసి చెప్పండి మేడమ్. నా పేరు ఏడా రాయబాకండి."

"ఇదేం గడ్డి?"

"ఒక కయ్య పాప కోసరమని ఇడిచిపెట్టినా. ఏం మందూ కొట్టలా." నేల చూపులు చూస్తూ చెప్పాడు. "సుడిదోమ పడింది. చుట్లు చుట్లుగా ఎండిపోయింది, అగ్గి పెట్టినట్టు. సగం గూడా చేతికి రాలా. నా పెళ్లాం నాతో మాట్లాడటం మానేసింది. ఊళ్లో అందరూ నాకు మతి చెడిందనుకుంటుండారు."

నేనే తరిగి, నేనే నడిపించాను. పరీక్షకు పట్టే సమయమంతా అతను బయట బల్ల మీదే కూర్చున్నాడు. చివరికి కాగితం పట్టుకుని అతని దగ్గరికి పోయాను. వట్టి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"చాలా తగ్గిందయ్యా. ముందుదానికి దీనికి పోలికే లేదు. కానీ కొద్దిగా ఉంది."

"ఎట్టుంటాది? నేను కొట్టలేదు గదా!" అతని గొంతులో వాళ్ల చెల్లెలి గొంతు వినబడింది.

"నీ కయ్యకు నీళ్లు ఎక్కడి నుంచి పారుతాయి?"

"పై కయ్య నుంచి." ఆ మాట అంటూనే అతనికి అర్థమైంది. పై కయ్యలో కొట్టిన మందు నీళ్లతో కిందికి వచ్చింది. కాసేపు తువ్వాలు మడత విప్పుతూ, మళ్లీ మడుస్తూ కూర్చున్నాడు.

"విడిగా కాలువ తీసుకుంటే?"

"కొంత తగ్గవచ్చు. పూర్తిగా పోతుందని చెప్పలేను."

"చెప్పలేరా?"

"చెప్పలేను."

"సరే, తీస్తా" అన్నాడు. లేచి రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చాడు. "పాప మీకేమన్నా చెప్పిందా మేడమ్? ఆరోజు కొట్టినా అనింది అబద్ధమని?"

"లేదు."

"నాకు గూడా చెప్పలా. అడిగితే కొట్టినా అనే అంటాది." తలుపు పట్టుకుని ఆగాడు. "ఈ కయ్య సంగతి దానికి చెప్పబాకండి. తెలిస్తే పుట్టింటికి నష్టమని గడ్డే వద్దంటాది."

చెప్పనన్నాను. ఇప్పుడు ఇది రాయడం ఆ మాట తప్పడం కిందికి వస్తుందా రాదా అని చాలా ఆలోచించాను. పేర్లు రాయలేదు. ఆమె చదవదు. అయినా సమాధానం దొరకలేదు.

ఉద్యోగం అయిపోయాక ఒకసారి మా చెల్లెలి పిల్లలతో మైపాడు సముద్రం చూడటానికి పోయి తిరిగి వస్తుంటే, రోడ్డు పక్కన ఆమె కనబడింది. గోనెపట్ట మీద తోటకూర, చుక్కకూర కట్టలు. బోర్డు లేదు. నన్ను గుర్తుపట్టింది. కోపం ఏమీ లేదు. "మేడమ్, బాగుండారా?" అని పక్కన చోటు చూపించింది. సముద్రానికి వచ్చే కార్లవాళ్లు కొంటారట. మందు కొట్టినదా కొట్టనిదా అని ఎవరూ అడగరట.

"కొడుతున్నావా?" అన్నాను.

"నేనా?" అని నవ్వింది. అంతకు మించి చెప్పలేదు.

నేను కట్టలు ఏరుకుంటున్నాను. ఆమె తనంతట తనే మొదలుపెట్టింది. "మా అన్న మారిపోయినాడు మేడమ్. ముందైతే ట్రైలరు నిండా పంపేవాడు. ఇప్పుడు సగం గూడా ఉండదు. ఆ ఉండేది గూడా పొట్టిది, నల్లగా మాడిపోయింది. మంచి గడ్డి యాడో అమ్ముకుంటుండాడు. మా వదిన చెప్పినట్టు ఆడుతుండాడు. మడంతా కప్పడానికి చాలక నేను ఎంత అగచాట్లు పడుతుండానో."

"అన్నను అడిగావా?"

"ఏమని అడిగేది? గడ్డి కోసరం పుట్టింటోళ్లను నిలదీస్తే బాగుంటాదా?" కట్టలకు నీళ్లు చిలకరిస్తూ గొంతు తగ్గించింది. "అంతమందిలో ఆయన మీద మాట పడకుండా చూసుకున్నా. అంతా పోగొట్టుకున్నా. అది ఆయనకు గుర్తుండాదో లేదో. మీరు చదువుకున్నోళ్లు, చెప్పండి. మంచి గడ్డి ఉండి గూడా నాకు మాడింది పంపుతుండాడంటే, ఎందుకు పంపుతుండాడు?"

పిల్లలు బండిలోంచి పిలుస్తున్నారు. ఆమె నా ముఖంలోకి చూస్తోంది.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

కొలిచి, నడిపించి, కాగితం మీద చూసిన సంగతిని తెలియదని చెప్పడం నాకు అదే మొదటిసారి. ఆమె నిట్టూర్చి, నేను ఏరిన కట్టల మీద ఇంకొకటి పెట్టి సంచిలో సర్దింది. "వండుకోండి మేడమ్, బాగుంటాది" అంది.

ఆ రాత్రి వండుకున్నాను. బాగుంది.